ఎదుటి పక్షం బారిస్టరు

వాటర్‌ఫోర్డ్ నుంచి డబ్లిన్ వెళ్లే రైలుకు ఒక చోద్యమైన అలవాటుంది. కిల్కెన్నీ స్టేషన్లోకి ముక్కుతో దూరి తోకతో బయటికొస్తుంది. అక్కడ పట్టాలు ముందుకు పోవు మరి. అంతదాకా ఎదురొచ్చే పొలాలు చూస్తూ కూర్చున్నవాళ్లు ఆ తర్వాత జారిపోయే పొలాలు చూస్తూ కూర్చోవాలి. లోకం చుట్టినవాళ్లకు ఇదేం కొత్త కాదు, చాలా దేశాల్లో చాలా బళ్లు ఇలా మనసు మార్చుకుంటాయి. జానకమ్మకు మాత్రం వెనక్కి నడిచే బండి పడదు, కడుపులో తిప్పుతుంది. అందుకే కిల్కెన్నీలో బండి ఆగగానే సంచీ చంకన పెట్టుకుని లేచి, నాలుగు వరసల అవతల సరైన దిక్కుకున్న సీటు చూసుకుని కూలబడింది.

ఆ సీటుకెదురుగా, అప్పుడే ఎక్కిన ఒక పిల్ల ఫోన్ మాట్లాడుతోంది. ముప్పై దాటి ఉండవు. పక్కన చక్రాల పెట్టె, ముందు బల్ల మీద గులాబిరంగు రిబ్బను కట్టిన కాగితాల కట్ట, చేతిలో కాఫీ కప్పు.

"తిన్నానమ్మా, తిన్నాను. నిజంగా. ఓకే, బై బై బై బై." ఐర్లండులో ఫోను పెట్టేసేవాళ్లు బైని ఒక్కసారి అనరు, మెట్లు దిగుతున్నట్టు నాలుగైదుసార్లు అంటారు. ఆ పిల్లా అలాగే దిగింది.

జానకమ్మ సంచీలోంచి వెండికాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. "అమ్మకు అబద్ధం చెప్పినవ్ గదా బిడ్డా? ఉత్త కాఫీ నీళ్లు తాగుకుంట తిన్ననంటివి."

పిల్ల ఉలిక్కిపడి, నవ్వింది. "సారీ ఆంటీ. ఐ'మ్ గ్రాండ్, ఆకలి లేదు నిజంగా."

"ఏం గ్రాండ్? సర్వపిండి తిను. పొద్దుగాలనే చేసిన. కారం కొంచెం తక్కువనే ఏసిన, మా మనవరాలు మూతి గుంజుతదని."

వద్దంటే వినే మనిషి కాదని మొహం చూస్తేనే తెలుస్తోంది. పిల్ల ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది, ఆ తర్వాత అడక్కుండానే ఇంకోటి అందుకుంది. కట్టలోని కాగితాలకు నూనె అంటకుండా పక్కకు జరిపింది.

హనుమకొండలో ముప్పై ఏళ్లు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పిన జానకమ్మకు ఎదుటివాళ్ల చేత మాట్లాడించడం పెద్ద పని కాదు. బండి బాగెనల్స్‌టౌన్ చేరేలోపు ఆ పిల్ల పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆమెకు తెలిశాయి. పేరు లోహిత. పెరిగింది డబ్లిన్ శివారు టాలట్‌లో. తల్లి రమాదేవి అక్కడి ఆసుపత్రిలో నర్సు. తండ్రి పోయి చాలాకాలమైంది. టాలట్ నుంచి ఊళ్లోకి వచ్చే లువాస్ ట్రాము కోర్టుల ముందు నుంచే పోతుంది. బడికి వెళ్లే రోజుల్లో ఆ పిల్ల కిటికీలోంచి నల్లగౌన్లవాళ్లు రోడ్డు దాటడం చూసేదట. కాకుల్లా కనిపించేవాళ్లు, కాకపోతే కాకులకు అంత తొందర ఉండదు అంది.

"డాక్టరు గాలేదా మరి?"

"అందరూ అదే అడిగారు ఆంటీ. అమ్మ ఇంకా అడుగుతుంది."

బారిస్టరు కావడమంటే ఆ దేశంలో వింత తతంగం. చదువైపోయాక ఒక పెద్ద బారిస్టరు దగ్గర ఏడాదిపాటు జీతం లేకుండా ఊడిగం చెయ్యాలి. ఆ పెద్దాయన్ని మాస్టరంటారు, చేసేవాళ్లను డెవిలంటారు. రమాదేవి ఆ ఏడాదంతా ఆసుపత్రి క్యాంటీన్లో తోటి తెలుగు నర్సులతో "మా అమ్మాయి దయ్యంగా పనిచేస్తోంది" అని చెప్పుకుని వాళ్లను బెదరగొట్టింది. ఆ దయ్యపు ఏడాది దాటాక అసలు కష్టం మొదలైంది. బారిస్టరు దగ్గరికి కక్షిదారు నేరుగా రాడు, అతను ముందు పట్టుకునే వకీలు, అంటే సొలిసిటరు, పంపితేనే కేసు. పంపేదాకా గౌను తగిలించుకుని కోర్టు గ్రంథాలయంలో కూర్చోవాలి, పెళ్లిచూపులకు ముస్తాబై ఎవరూ రాని ఇంట్లో కూర్చున్నట్టు. సాయంత్రాలు బడిపిల్లలకు ట్యూషన్లు చెప్పి రైలుఖర్చులు రాబట్టింది లోహిత.

"ఏం కేసులు చూస్తవ్ బిడ్డా? విడాకులా?"

"కాదు ఆంటీ. పబ్లిక్ లా. అంటే..." లోహిత తెలుగు మాట కోసం కిటికీలోకి చూసింది. దొరకలేదు. "గవర్నమెంట్ బోర్డులు డెసిషన్స్ తీసుకుంటాయి కదా. ఆ డెసిషన్ మంచిదా కాదా అన్నది నా పని కాదు. ఫెయిర్‌గా తీసుకున్నారా? అవతలివాళ్లను అడిగారా? అదే చూస్తాం. ఎక్కువ టీవీ, రేడియో, అలాంటివాటి రూల్స్ మీద."

"గంతేనా? గది మా వాడకట్టు పెద్దమనుషులకు గుడ ఎరుకే."

ఎరుకే మరి. మన పాత పండితులు వాదానికి కూర్చుంటే ముందు పూర్వపక్షం చెప్పేవాళ్లు, అంటే ఎదుటివాడి మాటను వాడికంటే బాగా చెప్పి, ఆ తర్వాతే తమ సిద్ధాంతం ఎత్తుకునేవాళ్లు. ఎదుటివాడి నోరు నొక్కి గెలిచిన వాదాన్ని సభలు మెచ్చేవి కావు. ఈ న్యాయం ఫలానా దేశానిదని చెప్పలేం, రచ్చబండలన్నిటిదీ.

కానీ జానకమ్మ మనసు పండితుల మీద లేదు. 'అవతలివాళ్లను అడిగారా' అన్న మాట ఆమెకు పుండు మీద తగిలింది.

"మరి నన్నెవ్వలడిగిన్రు బిడ్డా? ఒక్కలు గుడ అడగలే! అడగకుంటనే రేడియోల నా తెలుగు ప్రోగ్రామ్ బంద్ వెట్టిన్రు. గా పని మీదనే ఇయ్యాల కోర్టుకు పోతున్న. జెర విను. కౌన్సిల్ ఎలక్షన్ల ముందు వారం కొండల్ రావు అని ఒకాయన ఇల్లు కొన్నడు. గృహప్రవేశం. సకుటుంబ సపరివార సమేతంగా రండ్రి, భోజనాలున్నయని నా ప్రోగ్రామ్‌ల చదివిన. ఎవ్వలి ఇంట్ల పేరంటమున్నా చదువుత. ఆయన ఎలక్షన్ల నిలవడ్డడని నాకెరుకనే, గని నిలవడ్డోనికి ఇల్లుండదా? ఓటర్లకు భోజనం పెడుతున్నడని ఎవడో కంప్లయింటు. గృహప్రవేశానికి భోజనం పెట్టక ఫైలు పెడతరా? నేను గుడ పోయి రెండు వాయిల గారెలు..."

లోహిత చెయ్యెత్తింది. 

"ఆంటీ, స్టాప్. ప్లీజ్. మీరు... జానకమ్మగారా?"

"నీకెట్ల ఎరుక?"

బల్ల మీది కట్టను లోహిత బోర్లా తిప్పింది. "నేను అవతలివాళ్ల బారిస్టర్‌ని. మీ ప్రోగ్రామ్ ఆపిన రేడియో బోర్డు తరఫున. ఇంకొక్క మాట కూడా నాకు చెప్పకండి. ముందే పేరు అడగాల్సింది నేను. అయామ్ సో సారీ."

లేచింది. చక్రాల పెట్టె లాక్కుంటూ పక్క బోగీలోకి వెళ్లిపోయింది. వెండికాగితం మీద సగం కొరికిన ముక్క మిగిలింది.

కార్లో స్టేషను వచ్చింది, పోయింది. జానకమ్మ పొట్లం మడిచి సంచీలో పెట్టుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పిల్లలకు ఎన్ని వందలసార్లు చెప్పిందో! ఇప్పుడు పిలిచి, సర్వపిండి పెట్టి మరీ జారింది. ఆ గారెల మాట తన సొలిసిటరుకే చెప్పలేదు. దాచాలని కాదు, గారెలు కేసులోకి వస్తాయని తోచలేదు. అభ్యర్థి వంటింట్లో గారెలు వేసిన మనిషి రేడియోలో అతని భోజనాలు చాటిందని జడ్జి ముందు అంటే ఇంకేం మిగులుతుంది?

పోయేది అరగంట కార్యక్రమమే. కానీ ఆదివారం సాయంత్రం ఆ అరగంటలో, కూతురు అలేఖ్యకు తల్లిగా కాక, ఆ డాక్టరమ్మ ఇంట్లో పిల్లల్ని చూసుకునే ముసలావిడగా కాక, తన పేరుతో తాను మాట్లాడేది. ఆ కమ్యూనిటీ రేడియో గదిలో ఎర్రదీపం వెలిగినప్పుడు ఆమె వెన్ను నిటారుగా నిలిచేది. దీపం ఆరిపోయి ఇప్పటికి నాలుగు నెలలు.

డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్లో దిగి లువాస్ ఎక్కింది. అదే ట్రాములో ఆ చివర లోహిత నిలబడి, పట్టుదలగా కిటికీలోకి చూస్తోంది. ఇద్దరూ కోర్టుల భవనం ఫోర్ కోర్ట్స్ దగ్గరే దిగారు, ఎడం పెట్టుకుని నడిచారు.

లోపల పెద్ద గుండ్రటి హాలు. పైన గుమ్మటం, కింద స్తంభాలు, స్తంభానికో గుంపు. ఇక్కడ సగం కేసులు జడ్జి ముందు కాక ఈ స్తంభాల దగ్గర నిలబడే తేలిపోతాయంటారు. జానకమ్మ తరఫు సొలిసిటరు గ్రోన్యా, చెంపలు నెరిసిన మనిషి, ఎదురొచ్చింది. జానకమ్మ వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని, "రైల్లో పెద్ద తప్పయింది..." అని మొదలెట్టింది.

గ్రోన్యా ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపింది. తెలుసు, అంది. అవతలి బారిస్టరు గౌను కూడా తొడుక్కోకుండా ముందు మన బారిస్టరు దగ్గరికే వచ్చింది. మీరెవరో తెలియక మాట్లాడానని, తెలియగానే ఆపానని, విన్నదాంట్లో ఒక్క మాట వాడనని, మనకు అభ్యంతరముంటే కేసు వదులుకుంటానని చెప్పింది. మనవాళ్లు అక్కర్లేదన్నారు.

"ఇంకోటి కూడా ఒప్పుకుంది," అంది గ్రోన్యా పెదవి బిగబట్టి. "మీ దగ్గర ఏదో బియ్యప్పిండి రొట్టె తిన్నదట. ఒకటిన్నర ముక్క. అది కూడా రికార్డులో ఉండాలంది."

జానకమ్మకు నవ్వొచ్చింది, నవ్వుతోపాటు కళ్లలో నీళ్లు. సంచీ కింద పెట్టి స్తంభానికి ఆనుకుంది.

ఎదుటి స్తంభం దగ్గర లోహిత, ఇప్పుడు నల్లగౌను, మెడ దగ్గర తెల్లపట్టీలు, బోర్డు అధికారితో మాట్లాడుతోంది. ఏదో ఒకే ప్రశ్న అడిగినట్టుంది. ఆయన ఫైలు తిరగేశాడు. ఆమె మళ్లీ అడిగింది. ఆయన తల అడ్డంగా ఆడించాడు. ఆ తర్వాత ఇద్దరు బారిస్టర్లూ హాలు మధ్యకొచ్చి, తలలు దగ్గరగా పెట్టి మాట్లాడుకున్నారు. ఈ వృత్తివాళ్లు ఒకరికొకరు చేతులు కలపరు, అది వాళ్ల పాత ఆచారం. తల ఊపుకుని విడిపోయారు.

గ్రోన్యా వెళ్లి విని వచ్చింది. బోర్డు కాగితాల్లో 'కార్యక్రమ నిర్వాహకుల వివరణ తీసుకున్నాం' అని రాసుంది. ఎవరిని అడిగారని వాళ్ల బారిస్టరే నిలదీసింది. స్టేషను మేనేజరును అడిగారట, అంతే. తెలుగు ముక్క రాని ఆ పెద్దమనిషి, జానకమ్మ ఏం చదివిందో తెలియకుండానే ఆమె తరఫున క్షమాపణ చెప్పేశాడట. ఇది జడ్జి ముందు నిలబడదని లోహిత వాళ్లకు తేల్చిచెప్పింది. వాళ్లు పాత నిర్ణయం వెనక్కి తీసుకుంటున్నారు. ఫిర్యాదును మళ్లీ వింటారు, ఈసారి జానకమ్మను కూర్చోబెట్టి. అందాకా కార్యక్రమం నడుస్తుంది. జడ్జిగారి ముందు ఆ మాట చెప్పి ఆర్డరు తీసుకోవడమే మిగిలింది.

"అంటే నేను గెలిచిననా?"

"ఇంకా లేదు. మిమ్మల్ని అడుగుతారు."

పొద్దుట్నుంచీ జానకమ్మ గొంతులో కూర్చున్న గారె ఎవరో తీసేసినట్టనిపించింది. "అడిగితే చెప్త. గారెల సంగతి గుడ నేనే చెప్త. దాచుడెందుకు?"

ఏం గారెలని గ్రోన్యా కళ్లు పెద్దవి చేసింది. జానకమ్మ చెప్పడం మొదలెట్టింది, మినుములు నానబెట్టిన దగ్గర్నుంచి.

జడ్జి ముందు పని చిటికెలో అయిపోయింది. అందరూ బయటికొస్తుంటే జానకమ్మ సంచీలోంచి మిగిలిన పొట్లం తీసి, ఆ పిల్ల వచ్చే దారిలో నిలబడింది. ఫిర్యాదు ఇంకా బతికే ఉందని, ఆ పిల్ల ఇంకా అవతలి పక్షమేనని ఆ క్షణాన ఆమెకు గుర్తులేదు. హనుమకొండలో పక్కింటికి పోయేవాళ్లు కూడా 'పోయొస్త' అనకుండా గడప దాటరు.

లోహిత వచ్చింది. చక్రాల పెట్టె, గులాబి రిబ్బను కట్ట, నల్లగౌను. పొట్లం చూసింది. నడక ఒక్క అడుగు తడబడింది. జానకమ్మ పక్కనుంచే, తెలియని మనిషి పక్కనుంచి నడిచినట్టు నడిచి, గుమ్మటం కింద నుంచి లిఫీ నది వైపు తలుపు తోసుకుని వెళ్లిపోయింది.