చేపల పాటలో గ్రంథాలయం గంప

విజయవాడలో మా కాలనీకి చదువుకునే గది ఒకటి కావాలని ఏడాదిపాటు సమావేశాలు పెట్టుకున్నాం. ప్రతిసారీ డబ్బెవరిస్తారన్న దగ్గరే ఆగిపోయేవాళ్లం. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం కదా, మళ్లీ మనమెందుకివ్వాలని కొందరి వాదన. 2004 డిసెంబరులో మా కాలేజీ లెక్చరరు ఒకాయన, కొల్లేరు గట్టున ఒక ఊరివాళ్లు చేపలమ్మి గ్రంథాలయం నడుపుకుంటున్నారని చెప్పాడు. ఆ ఆదివారమే బయల్దేరాను.

తెల్లవారుజామున అయిదింటికి కైకలూరు బస్సెక్కితే గుడివాడ మీదుగా ఏడున్నరకల్లా దింపింది. టికెట్టు ముప్పై రూపాయల లోపే. అక్కడినుంచి షేరు ఆటోలో అరగంట. గ్రంథాలయం చూడటానికొచ్చానంటే డ్రైవరు, గంప పాట దాటిపోతుందేమోనంటూ వేగం పెంచాడు. ఆ మాటేమిటో నాకప్పుడు అర్థం కాలేదు.

గట్టుమీద రేకుల షెడ్డులో చేపల వేలం సాగుతోంది. గ్రంథాలయం చూసుకునే సువార్తమ్మగారు నన్ను పక్కన నిలబెట్టుకుని సంగతి చెప్పారు. పుస్తకాలు ప్రభుత్వ గ్రంథాలయం నుంచి వస్తాయి. గది అద్దె, పేపర్లు, కరెంటు ఖర్చు ఊరివాళ్లవి. అందుకని ప్రతి పడవవాళ్లూ ఒక్కో చేప విడిగా ఒక గంపలో వేస్తారు, ఆ గంపను చివర్లో వేలం వేస్తారు. ఆ రోజు మాత్రం ఆవిడ చాలా కంగారుగా ఉన్నారు. ఐసు పెట్టెలకు గది కావాలని యజమాని అడుగుతున్నాడట. మధ్యాహ్నంలోగా ఏడాది అద్దె కడితేనే ఉండనిస్తానన్నాడట. ఇంకా తొమ్మిదొందలు తక్కువ.

గంప పాటకొచ్చింది. ఏలూరు వ్యాపారి ఒకాయన మూడొందల దాకా వచ్చి ఆగాడు. చేపల విలువ అంతే. అప్పుడు వెనకనుంచి ఒకావిడ అయిదొందలంది. ఊళ్లు తిరిగి చేపలమ్ముకునే ధనలక్ష్మి. నష్టపోతావమ్మా, ఆలోచించుకోమన్నాడు వేలం వేసే నాగేశ్వరరావు.

"ఆలోచించే అన్నానండి. ఆ గదిలోనే నేను అంకెలు నేర్చుకుంది. అంతకుముందు కాటా మీద ఎంతుందో ఎదుటోళ్లు చెప్పిందే నమ్మేదాన్ని. ఎంత పోగొట్టుకున్నానో నాకు తెలుసు."

ఏలూరు వ్యాపారి మళ్లీ పాటలోకొచ్చి ఆరొందలన్నాడు. ఆమె ఏడొందలంది. ఎనిమిదొందలన్న గొంతు నాదేనని అందరూ నావైపు తిరిగాక గాని తెలియలేదు.

"అన్ని చేపలు ఏం చేసుకుంటారండీ?" అని వ్యాపారి నవ్వాడు. వెంటనే వెయ్యి అన్నాడు. పాట ఆయన పేర కొట్టేశారు. సువార్తమ్మగారు ఆ డబ్బు కొంగులో ముడేసుకుని యజమాని ఇంటికి దాదాపు పరిగెత్తారు.

ఆవిడ అద్దె కట్టొచ్చాక వాళ్లింట్లోనే కొర్రమీను పులుసుతో భోంచేసి, రెండింటికి ఆ గదికి వెళ్లాను. చాపల మీద పదిమంది ఆడవాళ్లు కూర్చున్నారు. ధనలక్ష్మి పేపరు మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రొయ్యల ధర చదివింది. తర్వాత అది తప్పని మిగతావాళ్లతో వాదించింది. నాకు అక్కడినుంచి లేవబుద్ధి కాలేదు.

తిరుగు బస్సులో మా సమావేశాలు గుర్తొచ్చాయి. ఎవరెంతిస్తారని ఒకరినొకరు అడిగామే గాని, ఆ గదిలో ఎవరికేం కావాలో ఒక్కరోజూ అడగలేదు. ఆ తర్వాతి ఆదివారం కాలనీలో ఇంటింటికీ వెళ్లి ముందు ఆ ప్రశ్నే వేశాను. తమకేం కావాలో చెప్పినవాళ్లే చందాలూ ఇచ్చారు, వేసవికల్లా మా గది తెరుచుకుంది.

మీరూ వెళ్లదలిస్తే ఎనిమిదింటికల్లా షెడ్డు దగ్గరుండండి. వెంట పెద్ద అక్షరాల పుస్తకం ఒకటి పట్టుకెళ్లండి. అక్కడ చదివేవాళ్లలో చాలామందికి నలభై దాటాకే అక్షరాలొచ్చాయి, అప్పటికే చూపు తగ్గింది.