విస్తరాకు పక్కన ఫుట్‌బాల్

అన్న పోయిన మూడో రోజున నేను కాకులను బండబూతులు తిట్టాను. అసలు నాకు నోటిదురుసు ఎక్కువే, మా ఇబ్రహీంపట్నంలో ఎవరినడిగినా చెబుతారు. కానీ ఆ రోజు తిట్టింది కోపంతో కాదు. భయంతో.

అన్న అంటే నా తోడబుట్టినవాడు కాదు. మా ఊరికి గోల్ అంటే ఏమిటో చూపించినవాడు. ఇప్పటి పిల్లలకు క్రికెట్ తప్ప మరో ఆట ఉందని కూడా తెలియదు, వాళ్లకు ఎంత చెప్పినా దండగ. మా చిన్నతనంలో పెద్దచెరువు ఏళ్ల తరబడి ఎండిపోయి ఉండేది. నీళ్లు లేవు, చేపలు లేవు. చెరువును నమ్ముకున్న ఇళ్లలో వలలు దండేలకు వేలాడుతూ ఉండేవి. ఆ పగుళ్ల నేల మీదే మేము నీలగిరి కట్టెలు పాతి ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. అన్నది చేపలు పట్టే ఇల్లు. ఒకరోజు వాళ్ల బాపు తన పాత వల తెచ్చి ఆ కట్టెలకు కట్టాడు.

"చేపలెట్లా లేవు. గిదన్న పడనియ్యుండ్రి" అన్నాడు.

అప్పటినుంచి మా దగ్గర గోల్ పడితే గోల్ అని ఎవరూ అరిచేవారు కాదు. వల బరువెక్కినప్పుడు చెరువులో అరిచినట్టు "చిక్కిందిరో!" అని అరిచేవాళ్లం. ఆ కేక ఊళ్లోకి వినపడేది. అరుగుల మీద బియ్యం ఏరుకుంటున్న ఆడవాళ్లు "ఆ పోరడు మళ్ల కొట్టిండు" అనుకునేవారట. కొట్టింది ఎవరని ఎవరూ అడిగేవారు కాదు. ఇంకెవరు కొడతారు!

పట్నం జట్టువాళ్లు వచ్చి ఆయన్ను తీసుకుపోయారు. మ్యాచ్ ఉన్న రోజు మేము బస్సు టాపెక్కి పోయేవాళ్లం. స్టేడియం కంచె పట్టుకుని "చిక్కిందిరో!" అని అరిస్తే పట్నంవాళ్లు మమ్మల్ని ఎగాదిగా చూసేవారు. చూడనీ, మాకేంటి! అన్న గోల్ కొట్టి, ముందు మా వైపు చూసి చెయ్యి ఊపేవాడు. కొన్నేళ్లు అట్లా నడిచింది. తర్వాత ఒక మ్యాచ్‌లో అవతలి జట్టువాడు వచ్చి ఆయన మోకాలి మీద పడ్డాడు. ఆ కాలు మళ్లీ సరిగా వంగలేదు. జట్టు వదిలేసింది, చేతికొస్తుందన్న ఉద్యోగమూ రాలేదు. అన్న కుంటుకుంటూ ఊరికి తిరిగొచ్చి దొరికిన కూలిపని చేసుకున్నాడు.

తర్వాత ఎన్నో ఏళ్లకు వానలు దంచికొట్టి చెరువు నిండింది. అలుగు పారుతుంటే ఊరు ఊరంతా కట్ట మీదికి వచ్చి సంబరపడింది. నాకు మాత్రం గుండె కలుక్కుమంది. మా గోలు, మా గ్రౌండు నీళ్ల కిందికి పోయాయి. ఆ నీళ్ల మీదే అన్న తెప్ప వేసుకుని చేపలు పట్టడం మొదలుపెట్టాడు.

మేము ఆయన్ను వదల్లేదు. నేను ఆదిభట్ల కంపెనీ బస్సు నడుపుతాను. ట్రిప్పుల మధ్య ఖాళీ దొరికితే కట్ట దగ్గర ఆయన చేపలమ్మే చోటికి పోయి కూర్చునేవాణ్ని. అప్పట్లో మా గోల్‌కీపర్‌గా ఉన్న దోస్తు బడంగ్‌పేట నుంచి బండి మీద వచ్చేవాడు. ఇద్దరం కలిస్తే ఒకటే గోల్ గురించి. ఎండిన చెరువులో ఆడేటప్పుడు, మూల నుంచి వచ్చిన బంతి కింద పడకముందే గాల్లోనే అన్న కొట్టిన గోల్ అది. ఎడమ కాలితో అని నేను, కుడి కాలితో అని వాడు.

"అరే, గోల్ల నిలబడ్డది నేను. నాకెరుక లేదా?"

"కండ్లు మూసుకొని నిలబడ్డవ్. నీకేం ఎరుక!"

అన్న మా మధ్య కూర్చుని చేప పొలుసు గీకుతూ నవ్వేవాడు. ఏ కాలో ఏనాడూ చెప్పలేదు. ఆ నవ్వు చూసి, ఆయనకూ ఆ ముచ్చట ఇష్టమే అనుకున్నాం.

మొన్న చలికాలంలో జ్వరమని దవాఖానకు పోయి, అన్న శవమై వచ్చాడు. మూడో రోజున పిట్టకు పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, బొందలగడ్డకు తీసుకుపోయి, సమాధి దగ్గర విస్తరాకులో వడ్డించి దూరం జరగాలి. కాకి వచ్చి ముట్టిందా, మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టలేదా, మనసులో ఏదో మిగిలిపోయినట్టు. వదినకు ఆ రోజు కావలసింది అదొక్కటే. తన మనిషి కడుపునిండా తిని పోయాడని తెలియాలి. అప్పటిదాకా గుక్కెడు నీళ్లు కూడా తాగనని కూర్చుంది.

ఫుట్‌బాల్ పెడదామన్న ఆలోచన నాదే. కొత్తది కొన్నాం. దోస్తు దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడు. చేపల పులుసు, మటన్, కల్లు సీసా, బీడీ కట్ట, వాటి పక్కన పచ్చగా మెరుస్తున్న బంతి. చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఇంత గొప్పగా ఎవరు సాగనంపుతారని మురిసిపోయాను కూడా.

కాకులు వచ్చాయి. తుమ్మచెట్టు మీద కూర్చున్నాయి. ఒకటి దిగి విస్తరాకు దాకా గెంతుకుంటూ వచ్చింది. గాలికి బంతి కాస్త కదిలింది. కాకి తుర్రున లేచిపోయింది.

"బాపూ, అమ్మను మంచిగ చూసుకుంట. ముట్టు బాపూ" అని అన్న కొడుకు చేతులు జోడించాడు. కాకి రాలేదు.

"అన్నా, నీ పేరు మీద టోర్నమెంట్ పెడ్తం" అన్నాను నేను. రాలేదు.

నా దోస్తు ఒక అడుగు ముందుకేశాడు. "అన్నా, అది ఎడమ కాలే. ఇన్నేండ్లు నేనే అబద్ధం చెప్పిన. రా అన్నా!"

"లేదన్నా, కుడి కాలే! వాడు చెప్పిందే నిజం!" అని నేను అరిచాను.

ఎండెక్కింది. కాకులు చెట్టు దిగలేదు. నేను తిట్లకు దిగింది అప్పుడే. ఇంతలో వదిన నేల మీద చెయ్యి ఆన్చి లేచింది.

"గా బంతి తియ్యుండ్రి."

"వదినా, గది అన్న పానం గదా..."

"ఏం పానం తమ్మీ? మీరు గోల్ ముచ్చట చెప్పి పోయినంక ఆయన బువ్వ తినకపోయేది. మోకాలు పట్టుకొని గోడ దిక్కు తిరిగి పండెటోడు. 'వాళ్లకు చెప్పకే, పాపం, ఆశతోని వస్తరు' అనెటోడు. బతికినన్ని దినాలు ఆడిపిచ్చిండ్రు. సచ్చినంక గూడ ఆడమంటరా?"

పోయి బంతి తీసి తువ్వాలలో చుట్టుకున్నాను.

వదిన విస్తరాకు ముందు వంగి, లోపలి గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు మెల్లగా అంది.

"ఇగ ఆట లేదు. నిన్ను ఎవ్వలు అడగరు. కాళ్లు కడుక్కొని వచ్చి తిను."

ఆమె వెనక్కి జరిగిన కాసేపటికి కాకి దిగింది. ముందు చేపల పులుసే ముట్టింది. దాని వెనుక ఇంకొకటి, ఇంకొకటి.

"తింటుండు" అంది వదిన. కూలబడి ఏడుస్తూ మళ్లీ "తింటుండు" అంది.

పాత కేక నా గొంతు దాకా వచ్చింది. దోస్తు నా వైపు చూశాడు. వాడికీ వచ్చినట్టుంది. ఇద్దరం మింగేశాం. బంతి ఎక్కడ జారి అన్న కంటబడుతుందోనని, ఆయన తినడం అయ్యేదాకా తువ్వాలను పొట్టకు గట్టిగా అదుముకుని నిలబడ్డాను.