రెక్కలు విప్పని పరీక్ష

డ్రోన్లు బాగుచేసే రెక్కలక్కకు మొగుడి బద్ధకం చూస్తే ఒళ్లంతా కంపరం. రిమోట్ ఎంత దూరం అందుతుందో చూడాలంటే ముందు స్క్రూలు తీసి రెక్కలు విప్పాలి, సిగ్నల్ బలం తగ్గించి దూరం నడవాలి. ఆ మహానుభావుడు మాత్రం రెక్కలతోనే డ్రోన్‌ను కన్నతల్లి చేతికిచ్చి, రిమోట్ పట్టుకుని వీధిలోకి బయలుదేరాడు.

"ఛీ! మీ అమ్మ వేళ్లు తెగితే మళ్లీ మొలుస్తాయా?"

"నాలుగు స్క్రూలకి ఇంత రాద్ధాంతమా!"

అక్క డ్రోన్ లాక్కుని, రెక్కలు విప్పి, బల్లకు కట్టేసింది. "ఇప్పుడు వెళ్లండి."

అతను సందు మలుపు తిరగగానే సిగ్నల్ తెగింది. ఆగాల్సిన మోటార్లు ఒక్కసారిగా గీపెట్టాయి. సిగ్నల్ పోతే అవి ఆగేలా అమర్చడం కూడా అయ్యగారు మరిచారు.

అత్త తన చేతులకేసి చూసుకుంది. కొడుకు నవ్వుతూ తిరిగొచ్చాడు.

"చూశావా, ఎంత దూరం అందిందో!"

"అమ్మాయ్, వీడి చేతిలోంచి ఆ రిమోట్ లాగెయ్," అంది అత్త.