నాయన వేసిన సోయా

ఆ ఏడు నాయన శెనక్కాయ మాని సోయా చిక్కుడు వేశాడు. సత్యవేడు దగ్గర మా ఎకరం చేనులో శెనక్కాయను ఏటా అడవిపందులు తవ్విపోసేవి. సోయాకు కాయలు నేలపైనే కాస్తాయి, తవ్వడానికి ఏమీ ఉండదని ఆయన లెక్క.

వ్యవసాయాధికారి విత్తనంతో పాటు నల్లటి పొడి పొట్లం ఒకటి ఇచ్చాడు, వేళ్ళకు మేలు చేసే సూక్ష్మజీవులు అందులో ఉంటాయట. దాన్ని బెల్లం నీళ్ళలో కలిపి, గింజలకు పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తాలట. నేను బడిలో టీచర్ని. ఆదివారం కాబట్టి ఆ పని నేనే చేశాను.

నెలన్నరకు నాయన ఒక మొక్కను పీకి చూపించాడు. వేళ్ళ నిండా బుడిపెలు. ఒకదాన్ని గోటితో గిల్లాడు.

"సూడు పాపా, లోపల ఎర్రగా ఉండాది. నువ్వు పట్టించిన పొడి పనే ఇది, గాల్లో ఉండే నత్రజనిని పట్టి మొక్కకు పెడతాది. నాకు యూరియా మూటలు మోసే పని తగ్గింది."

ఆకులు పండబారే రోజుల్లో నాయన గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చాను, కుర్చీలు వేశాను. పెద్దమ్మ నన్ను పట్టుకొని ఏడుస్తుంటే ఆమె చీర మీది పసుపు మరకను చూస్తూ నిల్చున్నాను.

కర్మలు ముగిసేదాకా చేను వైపు ఎవరూ పోలేదు. అవి ముగిసిన సాయంత్రం అమ్మ చేను చూసొచ్చి అంది: "కాయలు పగిలి గింజ రాలిపోతాండాది. రేపు మంచు ఆరకముందే కోసేద్దాం. ఆయన ఏసిన పైరు."

తెల్లారగానే ఇద్దరం కొడవళ్ళు పట్టుకున్నాం. ఎండ ఎక్కేకొద్దీ ఎండిన కాయలు చిటపటమని పగిలాయి. గింజలు వచ్చి చేతులకు తగిలాయి. తగులుతున్నాయని తెలిసింది, అంతే. చాలా గింజ నేలపాలైంది. అమ్మ వంగి ఒక్కొక్కటీ ఏరబోతే వద్దన్నాను. ఆమె మానుకుంది.

నూర్చి మూటలు కట్టాక, చిత్తూరులో కోళ్ళ దాణా చేసే అతను వచ్చి వాటిని ఎత్తించాడు. నూనె మనుషులకు, నూనె తీసిన చెక్క కోళ్ళకు, రొయ్యల మేతకు పోతుందని, మీల్ మేకర్ చేసేదీ దీంతోనేనని చెప్పుకుపోయాడు. ఊకొట్టాను. మీ నాయన యాడ అని అడిగాడు. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఎవరికో దారి చెప్పినట్టు చెప్పాను, పోయినాడని.

అమ్మ కొన్ని గింజలు దాచుకుంది. నానబెట్టి, పొట్టు తీసి, చాలాసేపు ఉడికించి తాలింపు పెట్టింది. పచ్చివాసన పోయిందా అని అడిగితే పోయిందన్నాను. నాకు ఏ వాసనా తెలియలేదు. వాకిట్లో కూర్చుని తిన్నాం.

వచ్చే ఏడు ఏం వేద్దామని అడిగింది. నీ ఇష్టమన్నాను.

"నా ఇష్టం గాదు. నువ్వు సెప్పు."

పళ్ళెంలో మిగిలిన గింజలను ఒక పక్కకు చేర్చాను.

"ఇదే ఏద్దాం మా. ఈసారి కాయలు పగలకముందే కోద్దాం."

అమ్మ సరేనని గిన్నెలు తీసింది. మర్నాడు నేను బడికి వెళ్ళాను.