మీ వంతు వచ్చింది, వెంటనే రండి

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు మహా ధైర్యం ఉండేది. అది తెలివి కాదని మూడో నెలలో తెలిసింది. అరవం మాట్లాడే ఊళ్ళో, లాస్‌పేటలో, మేడమీద మా ఆఫీసు, కింద పళ్ళ డాక్టరమ్మ క్లినిక్. పేషంట్లు బెంచీల మీద మూలుగుతూ కూర్చోకుండా, వంతు రాగానే ఇంట్లో ఫోన్ మోగేలా ఒక వెబ్ అప్లికేషన్ కావాలందావిడ. నోటిఫికేషన్ల పని మా పొడుగు సార్ (గుమ్మంలో వంగితేగానీ లోపలికి రాలేరు) నాకప్పగించి, "ఇది నడిస్తే నీ ఉద్యోగం పర్మనెంటు. లేకుంటే నీ ఇష్టం" అన్నారు.

అది వాడకంలోకి వచ్చిన మొదటి రోజు పొద్దున్నే క్లినిక్‌లో కూర్చుని ఒకటో టోకెన్‌ని పిలిచే బటన్ నొక్కాను. పరీక్ష కోసం నేనూ పేషంటుగా చేరి ఫోన్ పక్కనే పెట్టుకున్నాను. అది మోగలేదు. మళ్ళీ నొక్కాను. ఇంకోసారి గట్టిగా నొక్కాను (గట్టిగా నొక్కితే పనిచేస్తుందని ఏ కాలేజీలో చెప్పారో!). తీరా చూస్తే ఫోన్ సైలెంట్‌లో ఉంది. లోపల మూడు సందేశాలు, అరవంలో: 'మీ వంతు వచ్చింది, వెంటనే రండి.' నాది ముప్పై ఎనిమిదో టోకెన్! ఒక్కరికి పంపాల్సింది అందరికీ పంపేశాను.

పావుగంటలో వీధి నిండింది. చెంపకు తువ్వాలు చుట్టుకున్నవాళ్ళు, ఆటోలోంచే ఫోన్ ఊపుతున్నవాళ్ళు. అందరూ నన్ను తిడుతున్నారు, కానీ వాచిన నోళ్ళతో ఒక్క తిట్టూ సరిగ్గా పలకడం లేదు. మా మేనత్త తడిజుట్టుతో దిగింది.

"ఏందే పాపా, మూడుసార్లు పిలిస్తివి! తలకు పోసుకుంటా అట్లే వచ్చేస్తిని."

"అత్తా, నీది ముప్పయ్యోది."

"యాడ ముప్పయ్యి? రమ్మని దీంట్లో ఉండాదే!"

డాక్టరమ్మ బయటికొచ్చింది. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. "తప్పు నాదే మేడమ్" అన్నాను. ఆవిడ జనాన్ని చూసి, "అందరికన్నా ఎక్కువ నొప్పి ఎవరికి?" అంది. అన్ని చేతులూ లేచాయి. ఆవిడకు నవ్వాగలేదు. ఆవిణ్ణి చూసి అందరూ చెంపలు పట్టుకుని నవ్వుతూ, నొప్పికి మూలుగుతూ, మళ్ళీ నవ్వారు. "నా దగ్గరికి జనం పరిగెత్తుకుని రావడం ఇదే మొదటిసారి" అని, నా వైపు తిరిగి, "రేపటికి సరిచేసియ్యి" అంది. ఆ రోజంతా మెట్ల మీద నిలబడి ఒక్కొక్క పేరూ నేనే అరిచి పిలిచాను.

మర్నాటికి సరిచేశాను, ఉద్యోగమూ నిలబడింది. ఇప్పుడు నా కింద ఆరుగురున్నారు. ఏ సందేశమైనా నాలుగు పరీక్షలు దాటాకే బయటికి వెళ్తుంది. జనం చూస్తారు, వేలితో పక్కకు తోసేస్తారు. అంతా సవ్యమే. నా ఒక్క మాటకు పేటంతా పరుగెత్తుకొచ్చిన అలాంటి పొద్దు మాత్రం మళ్ళీ రాలేదు.