నర్సమ్మ పొడిపించిన మూడు చుక్కలు

“అత్తా, కారిమంగళం నర్సమ్మ పోయిందంట” అని మా అన్న కొడుకు ఫోనులో చెప్పినప్పుడు నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. ఎప్పుడని అడిగాను. “పొద్దున్నే. కాఫీ తాగి కూర్చున్నదంట, అంతే” అన్నాడు. చాట పక్కన పెట్టి, చీర మార్చుకొని బస్సెక్కాను. నాకు కన్నీళ్లు తొందరగా రావు. ఆ రోజూ రాలేదు.

ఆమెకు పేరు ఉండే ఉంటుంది. మాకెవరికీ దానితో పని పడలేదు. తమిళం మాట్లాడేవాళ్లకూ, ఇంట్లో తెలుగు మాట్లాడుకొనే మాకూ ఆమె నర్సమ్మే. నేను చెప్పేది డెబ్బైల మొదటి సంగతి. తమిళ సీమలో ధర్మపురి దగ్గరి కారిమంగళంలో ఒక డాక్టరుగారి చిన్న ఆసుపత్రి, దాని వరండాలో ఒక చెక్క బల్ల. సూది వేయించుకొన్నవాళ్లు ఎంతటివాళ్లయినా ఆ బల్ల మీద అరగంట కూర్చోవాల్సిందే. సంత అయిపోతుందని గొణిగినా ఆమె వినేది కాదు. “బస్సు పోతే ఇంకో బస్సు వస్తుంది. కూర్చో” అనేది. అరగంటకు వచ్చి రెప్పలు పైకెత్తి చూసి, చేతులు తిప్పి చూసి, “సరి, ఇంక పో” అనేది. ఆ మాట వినబడేదాకా ఎవరూ లేచేవాళ్లు కాదు.

నాకు పదేళ్లప్పుడు కాలిలో తుమ్మముల్లు దిగి చీము పట్టింది. ఒళ్లు కాలిపోతుంటే అమ్మ నన్ను ఎద్దులబండిలో పడుకోబెట్టి అక్కడికి తీసుకుపోయింది. డాక్టరుగారు చూసి పెన్సిలిన్ రాసిచ్చారు. నర్సమ్మ గాజు సిరంజిలోకి మందు ఎక్కించి, గాలి తీస్తూ అమ్మను అడిగింది.

“అక్కా, ఈ పాపకు ఇంతకుముందు ఏదన్నా సూది పడకుండా పోయిందా?”

“లేదమ్మా. అట్లాంటిది ఏమీ లేదు.”

అమ్మ అబద్ధం చెప్పలేదు. ముందు ఏడాది ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, గొంతునొప్పికని ధర్మపురిలో నాకు సూది వేయించారు. ఇంటికొచ్చిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు లేచి, కళ్లు వాచి మూసుకుపోయాయి. మా అవ్వ చూడగానే చెంపలు వేసుకొని “అమ్మ వచ్చింది” అని తేల్చేసింది. గడపకు వేపమండలు కట్టారు. పోపు బంద్, మందులు బంద్. అమ్మవారు ఇంటికొస్తే దాన్ని జబ్బు అనకూడదు, సూది వల్ల వచ్చిందనడం అంతకన్నా పెద్ద అపచారం. మర్నాటికల్లా దద్దుర్లు మాయం. “ఎంత చల్లని తల్లి, ఒక్క పొద్దులో దిగిపోయింది” అని అవ్వ వీధంతా చెప్పుకొంది. అందువల్ల అమ్మ లెక్కలో సూది వేరు, అమ్మవారు వేరు.

నర్సమ్మ నా రవిక చెయ్యి పైకి జరిపి దూదితో తుడిచింది. సూది వేయకుండా ఇంకో ప్రశ్న అడిగింది.

“అక్కా, మీ ఇంటికి అమ్మ వచ్చిందా ఎప్పుడైనా?”

అమ్మ చేతులు జోడించింది. “వచ్చినాది. పోయిన ఆడిలో, దీనికే.”

“ఎన్నో నాడు తలకు నీళ్లు పోసినారు?”

“నీళ్లు పోసే పనే లేకపోయె. మర్నాడే దిగిపోయినాది.”

“ఆ పొద్దు సూది ఏమన్నా వేయించినారా?”

“మధ్యాన్నం వేయించినాము” అంది అమ్మ.

నర్సమ్మ సిరంజిలోని మందంతా తొట్టిలోకి చిమ్మేసింది.

“అమ్మవారిని అట్లా అనొద్దు నర్సమ్మా, మాకు కీడు” అని అమ్మ ఏడుపు మొదలుపెట్టింది.

“ఆమెను నేను ఏమీ అనలేదక్కా. ఆమె వస్తే పొక్కు నీరు పట్టాల, ఎండాల, చెక్కు రాలాల. ఒక్క పొద్దులో యాడికి పోతుంది? వచ్చింది ఆమె కాదు, అంతే.”

పెన్సిలిన్ బదులు నాకు సల్ఫా మాత్రలిచ్చి పంపారు. కాలు నయమైంది. ఆ సూది వేసి ఉంటే ఏమయ్యేదో అప్పుడు నాకు తెలియదు. పెద్దయ్యాక ఆమే చెప్పింది. నాకు ముందు ఏడాది, బి. మల్లాపురం వైపు నుంచి వచ్చిన ఒక కూలీమనిషి ఇల్లాలిని అదే మొదటి ప్రశ్న అడిగిందట. లేదన్నారు. సూది వేసింది. డాక్టరుగారు లోపలి గదిలోంచి వచ్చేలోపలే ఆ పిల్ల ఊపిరాడక బల్ల మీదే పోయింది. శవాన్ని బండిలోకి ఎక్కిస్తూ అత్తగారు ఏడ్చిందట, “పెండ్లయిన కొత్తలో ఒక్క పొద్దు అమ్మ వచ్చి పోయినప్పుడే దీన్ని తీసుకుపోకూడదా” అని. రెండో ప్రశ్న అక్కడ పుట్టింది.

“నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదే. అని ఉంటే బాగుండు” అంది నర్సమ్మ. అప్పటికి ఆ సంగతి జరిగి ఎన్నో ఏళ్లయింది.

ఒంటిని కాపాడాల్సిన రక్తమే కొందరిలో మందు మీద ఎందుకు తిరగబడుతుందో, దానికి కారణమైన పదార్థమేమిటో ఆ ఏళ్లలోనే పై దేశాల్లో కనిపెట్టారట. డాక్టరుగారు ఇంగ్లీషు పత్రిక చదివి ఆమెకు చెప్పారు. “వాళ్లు రక్తంలో కనుక్కొన్నారు సార్. మనం అత్తాకోడండ్లను అడిగి కనుక్కోవాల” అన్నదట ఈమె.

పెన్సిలిన్ పడనివాళ్లకు మొదట చీటీ రాసిచ్చేది. చీటీలు చీరతో పాటు ఉతుకులో పోయేవి. దాంతో సంతరోజు పచ్చబొట్లు పొడిచే ఆమెను పిలిపించి, ఎడమ చేతికి, టీకా మచ్చ పక్కనే మూడు చుక్కలు పొడిపించడం మొదలుపెట్టింది. “సూది వేసేవాళ్లు ఇదేమని అడుగుతారు. అడిగితే నువ్వు చెప్తావు” అనేది. డాక్టరుగారు నవ్వారు గాని కాదనలేదు. సూది పేరెత్తితేనే మండిపడే మా అవ్వ, పచ్చబొట్టు అనేసరికి “ఆడపిల్లకు మంచిదే” అని తనే నా చెయ్యి గట్టిగా పట్టుకొంది. నేను ఊరు లేచేలా ఏడ్చాను. తర్వాత ఇద్దరు డాక్టర్లు ఆ చుక్కలు చూసి ఇదేమని అడిగారు. చెప్పాను. బతికున్నాను.

నేను పోయేసరికి నర్సమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. ఆడవాళ్లం వరసగా వెళ్లి, అక్కడి ఆనవాయితీ ప్రకారం ఆమె నోట్లో బియ్యం వేశాం. నా ముందున్న ముసలామె చెయ్యి చాపినప్పుడు రవిక అంచు కింద మూడు చుక్కలు కనబడ్డాయి. పచ్చదనం పోయి నీలం తిరిగాయి. ఆమె వెనక్కి తిరిగి నా చెయ్యి చూసింది.

మగవాళ్లు ఆమెను ఎత్తుకొని పోయారు. ఇంటివాళ్లు వాకిలి కడిగారు. ఆఖరి బస్సుకు వేళవుతోందని ఎవరో అన్నారు. మేమిద్దరం అరుగు మీద పక్కపక్కన కూర్చొనే ఉన్నాం. ఇంక పొమ్మని మాకెవరూ చెప్పలేదు.