బాయిలర్ కింద బూడిద

రైల్వే పవర్‌హౌస్‌లో బాయిలర్ల కింద బూడిద ఎత్తే పని మా అత్తది. పెళ్ళయి బిలాస్‌పూర్ వచ్చాక నన్నూ అందులోనే పెట్టించింది. మేస్త్రీ బాయిలర్ అడుగున ఇనుప తలుపు తెరిచి, పొడవాటి ఊచతో బూడిద లాగేవాడు. నిప్పులతో బయటపడ్డ దాని మీద మేం నీళ్ళు పోసి, చల్లారాక తట్టలకెత్తి గోడ అవతల కుప్పకు మోసేవాళ్ళం.

ఒకరోజు పొద్దున్నుంచీ బూడిద సరిగా రాలలేదు. మేస్త్రీ ఊచతో పైకి పొడిచి చూశాడు.

"పైన ఏదో పెద్ద గడ్డ పట్టేసినట్టుందప్పా," అన్నాడు మా అత్తతో. "అచ్ఛా, ఇంకో ఊచ తెస్తానుండు."

తలుపు తెరిచే ఉంది. లోపల కింద గోతిలో మేం పోసిన నీళ్ళు చేరి నిలిచి ఉన్నాయి. అంచున మిగిలిన బూడిద ఎత్తుదామని నేను దాని ముందు వంగాను. లోపల ఏదో విరిగిన చప్పుడైంది.

"ఒలే, లెగు!"

అత్త నా భుజం పట్టి పక్కకు ఈడ్చేసింది. కాలుతున్న గడ్డ నీళ్ళలో పడింది. ఫిరంగి పేలినట్టు తలుపులోంచి ఆవిరీ ఎర్రటి బూడిదా తన్నుకొచ్చాయి. నేల మీద పడ్డ నాకు ఆ తర్వాత ఏమీ వినబడలేదు. తెల్లటి ఆవిరిలో అత్త నిలబడే ఉంది. కుడిచెయ్యి ముందుకు చాచి, అది వేరెవరిదో అన్నట్టు చూసుకుంటోంది. ఆమె ఏడవలేదు.

మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. "ఓలమ్మో, ఏటైపోనాదప్పా!" అంటున్నాడని కాసేపటికి గాని నా చెవికెక్కలేదు.

"ముందు గుంటని సూడు," అంది అత్త, నన్ను చూపించి.

ఆమెను మంచం మీద ఆసుపత్రికి మోసుకెళ్తుంటే వెనకే నడుస్తూ ఒక్కసారి తిరిగి చూశాను. మేస్త్రీ అదే తలుపు ముందు వంగి గడ్డ ముక్కలు లాగుతున్నాడు. మాతో పనిచేసే ఇంకో ఆవిడ వాటి మీద నీళ్ళు పోస్తోంది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"ఇవాళైనా ఆపరా?" అని అడిగాను.

"బాయిలర్ ఆగదు కదమ్మా," అన్నాడు మంచం మోస్తున్నతను. "రాయే, నడు."

అత్త బతికింది. ఆ చేతి వేళ్ళు మాత్రం మళ్ళీ విచ్చుకోలేదు. అంతవరకూ నాతో ఒక్క మాటైనా నెమ్మదిగా అనని మనిషి, నేను ముద్ద కలిపి పెడుతుంటే మొహం తిప్పుకుని తినేది. గాయం మానాక మేస్త్రీ నన్ను పనికి పిలవడానికి ఇంటికొచ్చాడు.

"అది రాదు," అంది అత్త, గుమ్మంలోంచి లేవకుండానే. "ఎల్లిపో."